బ్రేకు అదురు – ‘బెండు’ అనే నింద

మార్కాపురం పేరు వినగానే తెలుగువారెవరికైనా పలక జ్ఞాపకం వస్తుంది. ఈ నేలలో పొరలు పొరలుగా పడి ఉన్న నల్లరాయి ఎన్నో తరాల పిల్లలకు తొలి పుస్తకమైంది. ఆ పలక మీద బలపంతో ఒకే అక్షరాన్ని పదే పదే దిద్దినచోట తెల్లని పూత మందంగా పేరుకుంటుంది. వేలితో తడిమితే గరుకుగా తగులుతుంది. ఆ గరుకును చూసి పలక వంగిపోయిందని ఏ పసివాడూ అనడు. తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాసుకుంటాడు. పలకను గురించి పసివానికి తెలిసిన ఈ సంగతి, మోటారు బండ్ల బ్రేకుల విషయానికి వచ్చేసరికి పెద్దలమైన మనకు తోచకపోవడం విచిత్రం. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది దానిని గురించే.

తెలుగు బోధించేవారికి బ్రేకులతో ఏమి పని అని విద్యార్థి మిత్రులు నవ్వుకోవచ్చు. పని ఉన్నది. ఇక్కడ మొదట తప్పినది మాట. ఆ మాటను నమ్మి తరువాత తప్పినది చేయి. అటువంటి చోట భాష నేర్పేవారు కలుగజేసుకోవడం అనుచితం కాదని మా అభిప్రాయం.

విషయం ఇది. కారో జీపో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. బ్రేకు తొక్కగానే స్టీరింగు చేతిలో గజగజ వణుకుతుంది. పెడలు కాలి కింద కొట్టుకుంటుంది. బ్రేకు వదలగానే అంతా నిమ్మళిస్తుంది. యజమాని గ్యారేజీకి తీసుకొనిపోతాడు. మిస్త్రీ ఒక చుట్టు తిప్పి చూసి, “డిస్కు బెండు వచ్చింది సార్, మార్చేద్దాం” అంటాడు. డిస్కులు రెండూ మారుస్తారు. కొన్నాళ్ళు హాయిగా నడుస్తుంది. మూడు నాలుగు వేల కిలోమీటర్లు తిరిగేసరికి అదే అదురు మళ్ళీ మొదలు. ఈసారి, డిస్కు నకిలీదని ఒకరు, రోడ్డు బాగాలేదని మరొకరు, అది బండి జాతి గుణమని ఇంకొకరు తీర్పు చెబుతారు. డబ్బు పోయింది, అదురు మిగిలింది, మిస్త్రీ పేరు చెడింది.

మన పడమటి తాలూకాలలో ఇది కేవలం సుఖానికి సంబంధించిన ప్రశ్న కాదు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలకు పడమట గోడవలె నిలిచినది నల్లమల. గిద్దలూరు నుంచి నంద్యాలకు పోవాలన్నా, దోర్నాల నుంచి శ్రీశైలానికో ఆత్మకూరుకో పోవాలన్నా అడవిని, కొండను దాటక తప్పదు. పెళ్ళికి, ఆసుపత్రికి, కోర్టుకు, క్షేత్రానికి మన జనం ఈ మలుపులలోనే ఎక్కుతూ దిగుతూ ఉంటారు. మైదానంలో బ్రేకు అప్పుడప్పుడూ పనిచేసే సాధనం. ఘాటులో అది ఎడతెగకుండా పనిచేసే సాధనం.

ఆ తేడా ఎంతటిదో మన భౌతికశాస్త్ర విద్యార్థులు ఒక్క నిమిషంలో లెక్క కట్టగలరు. మనుషులతో, సామానుతో కలిసి 1500 కిలోల బరువున్న బండి 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే బ్రేకులు సుమారు 2 లక్షల 8 వేల జౌళ్ళ శక్తిని వేడిగా మార్చి భరించాలి. అదే బండి 300 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే, ఇంజను సాయం లేకుండా కేవలం బ్రేకుల మీదనే దిగిందనుకుంటే, ఆ శక్తి సుమారు 44 లక్షల జౌళ్ళు. అంటే 60 కిలోమీటర్ల వేగం నుంచి ఇరవయ్యొక్కసారి ఆగినంత. గాలి అడ్డగింపు, చక్రాల రాపిడి కొంత పంచుకుంటాయి, నిజమే. అయినా డీజిలు మిగులుతుందని గేరు తీసి న్యూట్రలులో దిగే సోదరులు ఈ 44 లక్షలను ఎక్కడ దింపుతున్నారో ఆలోచించాలి. దింపుతున్నది డిస్కుల మీద, ప్యాడ్ల మీద. మిగిలిన డీజిలు ఎంతో వారికే తెలియాలి.

ఇప్పుడు ఆ వేడి డిస్కును ఏమి చేస్తుందో చూద్దాం. ప్యాడు డిస్కును అరగదీసి బండిని ఆపుతుందని సామాన్యంగా అనుకుంటాం. అది సగమే నిజం. రాపిడి రెండు విధాలు. మొదటిది గరుకు వస్తువు మెత్తని వస్తువును గీకడం. రెండవది ప్యాడులోని పదార్థం వేడికి కొంచెం కొంచెంగా డిస్కు మీదికి చేరి, కంటికి సరిగా కనిపించనంత పలుచని పొరగా అంటుకోవడం. ఆ పొరకూ ప్యాడుకూ మధ్య బంధాలు ఏర్పడుతూ తెగుతూ ఉండడంవల్ల బండి నిలవడం. ఇప్పటి ప్యాడ్లు చాలావరకు ఈ రెండు పద్ధతులనూ కలిపి పనిచేస్తాయి. కనుక డిస్కు మీద ప్యాడు పొర ఉండడం దోషం కాదు, ఉండవలసిందే. ఆ పొర చుట్టూ ఒకే మందంలో ఉన్నదా, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా ఉన్నదా అన్నదే ప్రశ్న.

ఎక్కువ తక్కువలు ఎట్లా వస్తాయి? ఘాటు దిగి వచ్చిన బండిని చూడండి. డిస్కు కాగి ఉన్నది, ప్యాడు కాగి ఉన్నది. కింద అటవీశాఖ గేటు వద్దనో టీ దుకాణం వద్దనో బండి ఆగింది. డ్రైవరు కాలు బ్రేకు మీదనే గట్టిగా అదిమి ఉంచాడు. కాగిన ప్యాడు కాగిన డిస్కును ఒకేచోట పట్టుకొని నిలుచున్నది. సిరాలో ముంచిన ముద్ర కాగితం మీద పడినట్లు, ప్యాడు ఆకారం డిస్కు మీద పడుతుంది. కొన్ని డిస్కులను విప్పి వెలుతురులో పెట్టి చూస్తే ప్యాడు అంచుల గీత స్పష్టంగా కనిపిస్తుంది కూడా. కొత్త ప్యాడ్లు వేసిన వెంటనే, అవి కుదురుకోకముందే, కొండ దిగితే ఈ ముద్ర మరింత సులభంగా పడుతుంది. ఒక రకం ప్యాడు పొర మీద మరొక రకం ప్యాడు వేసినా పొర అతుకులు అతుకులుగా తయారవుతుంది.

ఈ ముద్ర మందం ఎంత అని అడగవచ్చు. మిల్లీమీటరులో నూరవ వంతు, రెండు వంతులు. మన తల వెంట్రుక ఇంతకంటే లావు. అంత స్వల్పమైన హెచ్చుతగ్గే చేతికి తెలిసే అదురుగా మారడానికి కారణం చక్రం తిరుగుడు. 80 కిలోమీటర్ల వేగంలో సామాన్యమైన కారు చక్రం సెకనుకు సుమారు 12 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ ఆ మెట్ట ప్యాడు కిందికి వచ్చి పిస్టనును వెనక్కు నెడుతుంది. ఆ పోటు నూనె గుండా పెడలుకు, ఇరుసు గుండా స్టీరింగుకు చేరుతుంది. చూసేవారికి ఇది అచ్చంగా వంకరపోయిన చక్రం తిరుగుతున్నట్లే ఉంటుంది. ‘బెండు’ అన్న మాట పుట్టడంలో ఆశ్చర్యం లేదు. పైగా మోటారు సైకిలు డిస్కు పలుచని ఉక్కు రేకు. బండి పడిపోతే అది నిజంగానే వంగుతుంది. ఆ అనుభవం నుంచి మాట ఈ వైపుకు వచ్చి ఉండవచ్చు. కారు డిస్కు సంగతి వేరు. అది మందమైన పోత ఇనుము. మామూలు వాడకంలో అది వంగడం బహు అరుదు.

ఈ మాట మనవారి ఒక్కరి తప్పూ కాదు. ఇంగ్లీషువారు కూడా ఇదే అర్థమిచ్చే మాటను ఏళ్ళ తరబడి వాడుతూ వచ్చారు, ఇప్పటికీ వాడుతున్నారు. డిస్కు బ్రేకుకు ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టరు 1902లోనే పేటెంటు పొందాడు. 1953లో ఫ్రాన్సులోని లె మాన్స్ ఇరవై నాలుగు గంటల పందెంలో డిస్కు బ్రేకుల జాగ్వారు కారు గెలిచిన తరువాత లోకం దృష్టి దాని మీద పడింది. అంత చరిత్ర ఉన్నా, ‘వంగిన డిస్కు’ అనేది చాలావరకు అపోహ అని పందెపు కార్ల ఇంజనీరు, గ్రంథకర్త కారల్ స్మిత్ వంటివారు ప్రత్యేకంగా వ్యాసం రాసి చెప్పవలసి వచ్చింది. ఆయన చెప్పినదీ ఇదే: అదురుకు కారణం దాదాపు ఎల్లప్పుడూ డిస్కు మీద ప్యాడు పదార్థం ఎగుడుదిగుడుగా అంటుకోవడమే.

సకాలంలో గుర్తించకపోతే ఏమవుతుందన్నది ముఖ్యం. మెట్టగా ఉన్న చోటు ప్యాడుకు ఎక్కువగా తగులుతుంది, కనుక ఎక్కువగా కాగుతుంది. ఎక్కువగా కాగిన చోట మరింత పదార్థం అంటుకుంటుంది. ఆ చోటి వేడి సుమారు 650 డిగ్రీల సెంటీగ్రేడు దాటిపోతే పోత ఇనుము గుణమే మారడం మొదలవుతుంది. అందులోని కర్బనం ఇనుముతో కలిసి సిమెంటైటు అనే అతి గట్టి పదార్థం ఏర్పడుతుంది. అది ఉపరితలంతో ఆగదు, లోపలికి దిగుతుంది. చుట్టూ ఉన్న ఇనుము అరిగినా అది అరగదు. ఉలికి కూడా సరిగా లొంగదు. అప్పుడు డిస్కును తరిమెన పట్టించినా కొద్దికాలానికే మెట్ట మళ్ళీ లేస్తుంది. మొదటి నెలలో గరుకు కాగితంతో పోయేది ఆరవ నెలలో డిస్కు మార్చినా తప్ప పోదు. ఆలస్యానికి ఇంత మూల్యం ఉన్నది.

ఇక వైద్యం. ముందు రోగం ఇదేనా అని తేల్చుకోవాలి. బ్రేకు తొక్కకపోయినా అదురు ఉంటే అది టైరుదో, చక్రం బ్యాలెన్సుదో. ఒక్కసారిగా గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే పెడలు టకటక కొట్టుకుంటే అది ఏ.బి.ఎస్. పనిచేస్తున్న గుర్తు, జబ్బు కాదు. మామూలుగా, నెమ్మదిగా తొక్కినప్పుడే అదిరితే డిస్కు వైపు చూడాలి. చక్రం విప్పి, డిస్కును హబ్బుకు బిగించి ఉంచే, డయలు గేజి ముల్లు ఆనించి ఒక చుట్టు తిప్పితే డిస్కు పక్కకు ఎంత ఊగుతున్నదో తెలుస్తుంది. సామాన్యంగా 0.05 మిల్లీమీటరు వరకు మేలు, 0.1 దాటితే కీడు. ఆయా బండి పుస్తకం చెప్పిన కొలతే ప్రమాణం. తరువాత మైక్రోమీటరుతో డిస్కు చుట్టూ ఎనిమిది చోట్ల మందం కొలవాలి. ఊగుడు లేకుండా మందంలోనే తేడా ఉంటే పలక మీద పేరుకున్న బలపం కథే.

ఊగుడు కనిపించినా వెంటనే డిస్కును నిందించరాదు. డిస్కు విప్పి హబ్బు మొహం చూడాలి. అక్కడ తుప్పు పొర, మట్టి రేణువు ఒక్కటి ఉన్నా డిస్కు ఓరగా కూర్చుంటుంది. ఓరగా కూర్చున్న డిస్కు బ్రేకు వేయనప్పుడు కూడా ప్రతి చుట్టులో ఒకచోట ప్యాడును తాకుతూ, వేల కిలోమీటర్ల తరువాత తేడాను పుట్టిస్తుంది. కొత్త డిస్కు వేసిన కొన్ని నెలలకు అదురు తిరిగి రావడంలోని రహస్యం చాలాసార్లు ఇదే. పానాకు పైపు తొడిగి, దాని మీద ఎక్కి నిలబడి చక్రం నట్లను బిగించడం మరొక కారణం. నట్లను ఎదురెదురుగా, సమానమైన బిగింపుతో బిగించాలి. కాలిపరు జారే పిన్నులు ఎండిపోయి పట్టేసినా ప్యాడు వదలక రాస్తూనే ఉంటుంది. వాటిని శుభ్రపరచి తగిన గ్రీజు పెట్టాలి.

ఇవన్నీ సరిచేసిన తరువాత, దోషం తొలి దశలోనే ఉంటే, గరుకు కాగితంతో డిస్కు రెండు ముఖాలనూ చుట్టూ సమంగా రుద్దాలి. దీనినే ఉర్దూలో రేగ్‌మాల్ అంటాం. ‘రేగ్’ అంటే ఇసుక, ‘మాల్’ అంటే రుద్దేది. తెలుగులో ఉప్పుకాగితం. రెండు భాషలూ దానిని చూసిన తీరు ఎంత ముచ్చటగా ఉన్నదో! గార్నెటు పొడి అంటించిన కాగితమైతే మేలు. ప్యాడ్ల ముఖాలను కూడా చదునైన బల్ల మీద కాగితం పరచి రుద్దాలి. ఆ దుమ్మును నోటితో గాని, గాలి గొట్టంతో గాని ఊదరాదు. అది ఊపిరితిత్తులకు చేటు. ముక్కుకు గుడ్డ కట్టుకొని తడిబట్టతో తుడవాలి. కిరసనాయిలు, డీజిలు ముంచిన గుడ్డ డిస్కు మీద పెట్టడమంటే చేసిన పనిని చెడగొట్టుకోవడమే.

ఆ తరువాత చేసే పనిని మనవారు దాదాపు ఎవరూ చేయరు: ప్యాడును డిస్కుకు మచ్చిక చేయడం. తెల్లవారుజామున జనసంచారం లేని, తిన్నని, చదునైన రోడ్డు చూసుకొని బండిని 60 కిలోమీటర్ల వేగానికి తీసుకొనిపోయి, మధ్యరకం బలంతో బ్రేకు వేస్తూ 15కు తగ్గించాలి. ఆపరాదు. మళ్ళీ 60, మళ్ళీ 15. ఇట్లా ఎనిమిది పదిసార్లు. కాలిన వాసన కొంచెం రావచ్చు, భయం లేదు. తరువాత పది నిమిషాలు బ్రేకు అవసరం పడకుండా నడిపి గాలికి చల్లార్చాలి. పూర్తిగా చల్లారేవరకు చేతిబ్రేకు వేయరాదు. చక్రానికి రాయి అడ్డం పెడితే చాలును. ప్యాడు తయారుచేసినవారు వేరే విధానం చెప్పి ఉంటే దానినే పాటించాలి. కొత్త పొర చుట్టూ సమంగా పరచుకుంటుంది. చాలా బండ్లకు ఇంతకు మించిన చికిత్స అక్కరలేదు.

దీనికి లొంగకపోతే తరిమెన. ఉర్దూలో ఖరాద్. ఇక్కడ కూడా ఒక చిక్కు ఉన్నది: చక్కులో డిస్కు ఓరగా కూర్చుంటే, వంకర లేని డిస్కుకు వంకర తెచ్చినవారమవుతాం. డిస్కు అంచున పోసి ఉండే కనిష్ఠ మందం అంకెను చదవకుండా ఉలి పెట్టరాదు. ఆ అంకె కంటే పలుచబడినా, పగులు కనిపించినా, నీలిమచ్చలు పడి గట్టిబడినా ఆ డిస్కును నిస్సంకోచంగా పారవేయాలి. బ్రేకు విషయంలో లోభం పనికిరాదు. మేము డిస్కులు మార్చవద్దని వాదించడం లేదు. కారణం తెలియకుండా మార్చవద్దని వాదిస్తున్నాం.

ఇందుకు గ్యారేజీవారి నుంచి ఒక ఆక్షేపణ ఉన్నది, అది న్యాయమైనదే. కొలిచి, రుద్ది, మచ్చిక చేసేసరికి సగం రోజు పడుతుంది. మార్చడం గంటలో అయిపోతుంది. సగం రోజు పనికి కూలి ఇచ్చే యజమాని ఎక్కడ? నిజం. సామాను ఖరీదును నోరెత్తకుండా చెల్లించి, చేతి పనికి బేరమాడే దురలవాటు మన సమాజంలో పాతుకుపోయింది. ‘బెండు’ అన్న మాటను మిస్త్రీ ఎంత నిలబెట్టాడో యజమాని కూడా అంతే నిలబెట్టాడు. ఇనుపముక్క చేతికి కనబడుతుంది, తెలివి కనబడదు.

మోటారు మరమ్మతు, ఖరాదు పని, వెల్డింగు మన సమాజంలో ఎన్నో కుటుంబాల జీవనాధారం. మన కళాశాలకు వచ్చే పిల్లలలో ఉస్తాదుల కొడుకులు, తమ్ముళ్ళు ఉన్నారు. ఇంట్లో వారు వినే విద్య ఉర్దూ మాటలలో, తెలుగు మాటలలో ఉన్నది. పుస్తకంలో ఉన్న విద్య ఇంగ్లీషులో ఉన్నది. ఒకటి చేతికి తెలుసు, మరొకటి పరీక్షకు తెలుసు. రెండూ కలిసే చోటు లేకపోవడంవల్లనే ఇటువంటి తప్పుమాట ఏళ్ళ తరబడి బతుకుతున్నది. 2019 ఏప్రిలు తరువాత కొత్త మోటారు సైకిళ్ళకు ఏ.బి.ఎస్. లేదా రెండు బ్రేకులూ కలిసి పనిచేసే ఏర్పాటు తప్పనిసరి కావడంతో బ్రేకు మరమ్మతు మునుపటికంటే నేర్పు కోరుతున్నది. నేర్చుకోవలసింది పెరిగింది, నేర్పే తావు పెరగలేదు.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం స్వల్పమైనది. భౌతికశాస్త్ర ప్రయోగశాలకు అయస్కాంతపు స్టాండుతో ఒక డయలు గేజి, ఒక మైక్రోమీటరు కొనాలి. ఇవి గొప్ప ఖర్చు కావు. వార్షికోత్సవపు షామియానా కంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. మార్కాపురం, గిద్దలూరు, కంభం, దోర్నాలల నుంచి పనితనమున్న ఉస్తాదులను ఆదివారం ఆహ్వానించి, వారి చేతనే పిల్లలకు పాఠం చెప్పించాలి. వేదిక మీద వారిని అతిథులుగా కూర్చోబెట్టాలి, బల్లల వెనుక కాదు. మా శాఖ తరఫున మేము చేయగలది ఒకటి ఉన్నది. ఈ సంచికను ఒకవైపు నుంచి తెరిస్తే ఉర్దూ, మరొకవైపు నుంచి తెరిస్తే తెలుగు. అదే పద్ధతిలో ఒక నాలుగు పుటల కరపత్రం సిద్ధం చేసి ఇస్తాం. ఘాటులో ఎక్కిన గేరులోనే దిగడం, కాగిన బ్రేకు మీద కాలు అదిమి నిలవకపోవడం, కాగిన చక్రం మీద నీళ్ళు కుమ్మరించకపోవడం, నట్ల బిగింపు, పొర సంగతి అందులో ఉంటాయి. ఉర్దూ శాఖ మిత్రులు రెండు పుటలు, మేము రెండు పుటలు. ‘బెండు’కు బదులు ఏ మాట వాడాలో ఉస్తాదులనే అడుగుదాం; ‘పొర పట్టింది’ అంటే సరిపోతుందని మాకు తోస్తున్నది.

శివరాత్రికి శ్రీశైలం ఘాటులో బండ్లు బారులు తీరుతాయి. ఆ లోపల రెండు ఆదివారాలు దొరికినా మొదలుపెట్టవచ్చు.